బలిపీఠాన్ని వదలని ప్రధానమంత్రి

దైవసేవకులు రాజకీయాల్లోకి వెళ్లవచ్చా అనే చర్చ ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ మన సంఘాల్లో జరుగుతూనే ఉంటుంది. ఈ వారం ఒక గురువు జీవితాన్ని గుర్తుచేసుకుందాం.

యోజెఫ్ టిసో 1887 అక్టోబరు 13న బిత్చా పట్టణంలో పుట్టాడు. ఆ స్లోవాక్ ప్రాంతం అప్పుడు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది. వియన్నాలో వేదాంతం చదివి, 1910లో కతోలిక గురువుగా అభిషేకం పొందాడు. 1918లో సామ్రాజ్యం కూలిపోయింది. చెక్‌లు, స్లోవాక్‌లు, జర్మన్లు, హంగేరియన్లు కలిసి బతికే చెకోస్లొవేకియా ఏర్పడింది. ప్రాగ్ ప్రభుత్వంలో తమకు తగిన చోటు దక్కలేదని చాలామంది స్లోవాకులు బాధపడేవారు. ఆ బాధ అబద్ధం కాదు. వారి పక్షాన మాట్లాడిన ఫాదర్ హ్లింకా పార్టీలో టిసో ఎదిగాడు. 1924 నుంచి బానోవ్‌ట్సే విచారణ గురువుగా పనిచేశాడు. 1927 నుంచి 1929 వరకు ఆరోగ్య మంత్రిగా ఉన్నాడు.

1938 అక్టోబరులో స్లోవాక్ స్వయంపాలిత ప్రభుత్వానికి అధిపతి అయ్యాడు. 1939 మార్చి 13న హిట్లర్ ఆయనను బెర్లిన్‌కు పిలిపించాడు. మర్నాడే స్లోవాకియా స్వతంత్ర దేశంగా ప్రకటించుకుంది. టిసో ప్రధానమంత్రి, అదే ఏడాది అక్టోబరులో అధ్యక్షుడు అయ్యాడు. అప్పుడు కూడా తన విచారణను వదల్లేదు, పూజ మానలేదు.

1942 మార్చి నుంచి అక్టోబరు వరకు సుమారు 58,000 మంది యూదులను రైళ్లలో నాజీల చేతికి అప్పగించారు. ఒక్కొక్కరికి 500 మార్కుల చొప్పున ఆ ప్రభుత్వమే జర్మనీకి చెల్లించింది. తిరిగి వచ్చినవారు కొన్ని వందలమందే. వాటికన్ నిరసన తెలిపింది. టిసో కొందరికి మినహాయింపులు ఇచ్చాడు గానీ, ఆ ఆగస్టులో హోలీచ్ పట్టణంలో మాట్లాడుతూ ఈ పని క్రైస్తవ ధర్మానికి విరుద్ధం కాదని సమర్థించాడు. తన జాతిని ప్రేమించడం దేవుని ఆజ్ఞేనని వాదించాడు.

ఆ ఏడాది మే 15న ఈ తరలింపులకు చట్టం తెచ్చినప్పుడు పార్లమెంటులో ఒక సభ్యుడు మాత్రం చెయ్యి ఎత్తలేదు. ఆయన పేరు యానోష్ ఎస్తెర్‌హాజీ. హంగేరియన్ మైనారిటీకి చెందిన కతోలిక విశ్వాసి. గురువు కాడు.

1944లో స్లోవాక్ ప్రజలే నాజీలపై తిరగబడ్డారు. ఆ తిరుగుబాటును అణచిన జర్మన్ సైనికులకు టిసో కృతజ్ఞతలు తెలిపాడు. యుద్ధం ముగిశాక పట్టుబడి, విచారణ ఎదుర్కొని, 1947 ఏప్రిల్ 18న బ్రతిస్లావాలో ఉరితీయబడ్డాడు.

టిసో ప్రార్థన మానలేదు, దేవాలయాన్ని విడిచిపెట్టలేదు. తన జనం మీద ప్రేమతోనే మొదలుపెట్టాడు. పొరుగువాడు అనే మాటకు తన జాతి వరకే హద్దు గీశాడు. ఆ గీత మన ప్రసంగాల్లో, మన సంఘ ఎన్నికల్లో, మన కులాల మధ్య ఎక్కడ ఉందో ఈ ఆదివారం మనల్ని మనం పరీక్షించుకుందాం.