గింజ పగలగొట్టకుండా లోపల చూసే వెలుగు: సి.వి. రామన్ జీవితం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో కొనుగోలు కేంద్రానికి వడ్లు తెచ్చిన రైతుకు తేమ లెక్క బాగా తెలుసు. 17 శాతం దాటితే మళ్లీ ఆరబోయాలి. తాలు, మట్టి, రంగు మారిన గింజలు కూడా చూస్తారు. కానీ గింజలో మాంసకృత్తులు ఎంత, అన్నం పొడిగా వస్తుందా ముద్దవుతుందా అన్నది చాలావరకు తేల్చే అమైలోజ్ ఎంత అని అక్కడ ఎవరూ చూడరు. వాటిని వెలుగుతో కొలిచే పద్ధతులు ప్రయోగశాలల్లో ఉన్నాయి. అందులో ఒకదానికి సి.వి. రామన్ పేరే పెట్టారు.

రామన్ 1888 నవంబర్ 7న తిరుచిరాపల్లిలో పుట్టారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్‌కు విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడి ఉద్యోగం రావడంతో కుటుంబం అక్కడికి చేరింది. రామన్ చదువు మొదలైంది విశాఖలోనే. 11 ఏళ్లకే మెట్రిక్ పాసయ్యారు. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, 1907లో కలకత్తాలో ప్రభుత్వ లెక్కల శాఖలో చేరారు. మంచి జీతం, పెద్ద హోదా. అయినా ఆఫీసుకు ముందు, ఆఫీసు తర్వాత బౌబజార్ వీధిలోని సైన్సు సంఘం ప్రయోగశాలకు పోయేవారు. పదేళ్లు అలా చేసి, 1917లో ఆ ఉద్యోగం వదిలి, తక్కువ జీతానికి కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. ఇంట్లోవాళ్లు ఏమనుకున్నారో గానీ, మన దేశానికి మాత్రం మేలే జరిగింది.

1921లో ఓడ ప్రయాణంలో సముద్రం నీలి రంగు ఆయన్ను ఆలోచనలో పడేసింది. ద్రవాల గుండా వెలుగు పోయేటప్పుడు ఎలా చెదురుతుందో శిష్యులతో కలిసి ఏళ్ల తరబడి పరీక్షించారు. చెదిరిన వెలుగులో చాలా మసకగా వేరే రంగు కనిపించేది. మొదట అది ద్రవంలోని మలినం వల్ల అనుకున్నారు. మళ్లీ మళ్లీ శుద్ధి చేసి చూశారు. ఎంత శుద్ధి చేసినా ఆ రంగు పోలేదు. అంటే అది మలినం పని కాదు, ఆ పదార్థం అణువులదే. కె.ఎస్. కృష్ణన్‌తో కలిసి 1928 ఫిబ్రవరి 28న దాన్ని ఖాయం చేసుకున్నారు. 1930లో నోబెల్ బహుమతి వచ్చింది. 1933లో బెంగళూరు వెళ్లి, 1970 నవంబర్ 21న కన్నుమూసేదాకా అక్కడే పరిశోధన చేశారు. అగిరిపల్లిలో పుట్టి, తర్వాత ఉస్మానియా ఉపకులపతి అయిన సూరి భగవంతం ఆయన శిష్యులే.

ఒక్కో పదార్థం వెలుగును ఒక్కో తీరుగా మారుస్తుంది. పిండిపదార్థం గుర్తు వేరు, మాంసకృత్తుల గుర్తు వేరు. గింజల పరీక్షకు ఎక్కువగా వాడేది దీనికి దగ్గరి పద్ధతి అయిన ఎన్‌ఐఆర్. కంటికి కనిపించని కిరణాలను గింజ ఎంత పీల్చుకుందో చూసి, ముందే రసాయన పరీక్ష చేసిన నమూనాలతో పోల్చి అంకె చెబుతుంది. ఆ పోలిక సరిగా లేకపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా తప్పే చెబుతుంది. జింక్, ఇనుము కొలవాలంటే ఎన్‌ఐఆర్‌ను నమ్ముకోవద్దు. వాటికి ఎక్స్-కిరణాల యంత్రమో రసాయన పరీక్షో కావాలి.

పోషకాల పేరు చెప్పి సన్నబియ్యం నేరుగా అమ్మాలనుకునే రైతులు నమూనా విషయంలో రామన్ అంత పట్టుదలగా ఉండాలి. కుప్ప పైనుంచి పిడికెడు తీస్తే చాలదు. నాలుగైదు చోట్ల, లోపలి నుంచి కూడా తీసి కలపండి. రకాలు కలవనీయకండి. నీరు ఈ కిరణాలను బాగా పీల్చుకుంటుంది కాబట్టి గింజను బాగా ఆరబెట్టాకే పంపండి. సంచి మీద రకం పేరు, కోత తేదీ, ముడి బియ్యమా పాలిష్ చేసిందా అన్నది రాయండి. తవుడుతో పాటు బి విటమిన్లు, కొంత మాంసకృత్తులు పోతాయి కాబట్టి ఆ రెండు బియ్యాల అంకెలు ఒకదానితో ఒకటి పోల్చకూడదు.