పండిత మధుసూదన గుప్తుని చరిత్రము

సాక్షి బోనెక్కినప్పుడు న్యాయవాదు లడుగు ముఖ్యమైన ప్రశ్న యొకటి కలదు: ఈ సంగతి నీవు కన్నులార చూచితివా, లేక యొకరు చెప్పగా వింటివా? వినినదానికి చూచినదానితో సమానమగు విలువ లేదని మే మెల్లరము నెఱుగుదుము. పొలము గట్టును గూర్చిన వ్యాజ్యెములో నింత జాగ్రత్తగా పాటించు ఈ న్యాయమును, మన దేహమును గూర్చిన జ్ఞానములో మాత్రము మన పూర్వులు అనేక శతాబ్దములు విడిచియుండిరి. ఆ లోపమును దిద్దుటకు స్వహస్తమున కత్తి పట్టిన పండితుని చరిత్రమును చదువరులకు విన్నవించుచున్నాము.

మధుసూదన గుప్తుడు ఇంచుమించుగా 1800 సంవత్సర ప్రాంతమున వంగదేశములో హుగ్లీ మండలమునందలి వైద్యబాటి యను నూర వైద్యకులమున జన్మించెను. కలకత్తా సంస్కృత కళాశాలలో ఆయుర్వేద తరగతి యేర్పడినప్పుడు అందు విద్యార్థిగా చేరి, 1830లో ఆ తరగతికే ఉపాధ్యాయుడుగా నియమింపబడెను. నిన్నటిదాక తమ ప్రక్కను కూర్చుండినవాడు నేడు తమకు గురువగుటను సహాధ్యాయులు సహింపక మొఱపెట్టుకొనిరి. అయినను అత డా పదవియందే నిలిచెను.

ఇక్కడ సంస్కరణాభిమానులు గమనింపదగిన విషయ మొకటి యున్నది. ఈ కళాశాల పుట్టకమునుపే, 1823లో, రాజా రామమోహన రాయలవారు గవర్నరు జనరలగు ఆమ్హర్స్టు ప్రభువునకు లేఖ వ్రాసి, ఆ ధనమును వ్యాకరణ చర్చలకు వ్యయపెట్టక గణితము, ప్రకృతిశాస్త్రము, రసాయనశాస్త్రము, శారీరశాస్త్రము మొదలగునవి నేర్పుటకు వినియోగింపుడని వేడిరి. ప్రభుత్వము ఆ మాట వినలేదు. 1824లో సంస్కృత కళాశాల తెఱువబడెను. కాని రామమోహనులు కోరిన ఆ శారీరశాస్త్రమునకు తలుపు తీసినవాడు, ఆయన వలదన్న ఆ కళాశాలనుండియే వచ్చెను. ప్రాచీన విద్య స్వయముగా దోషము కాదనియు, అచ్చటనే ఆగిపోవుట దోషమనియు దీనివలన మేము గ్రహించితిమి.

ఆ తరగతిలో విద్యార్థులు మనుష్యుల ఎముకలను చేతబట్టి చూచుచుండిరి. చిన్న జంతువుల దేహములను కోయుచుండిరి. మనుష్య శవమును మాత్రము ముట్టుట లేదు. గుప్తుడు హూపరు అను ఆంగ్లేయ వైద్యుడు రచించిన శారీర గ్రంథమును సంస్కృతమునకు పరివర్తించి వేయి రూపాయల బహుమానము నందెను. ఈ పని యెంత కష్టమో చదువరులు తలంపవలెను. మన తెలుగులో నరమను నొక్క మాటను రక్తము పాఱు గొట్టమునకును, స్పర్శను మెదడునకు చేర్చు తంతువునకును, కండను ఎముకకు కట్టు తాడునకును వాడుచున్నాము. సంస్కృతమున సిర, ధమని, స్నాయువు అను వేఱువేఱు పదము లున్నను, సిరలన్నియు నాభినుండి బయలుదేఱునని సుశ్రుత సంహిత చెప్పుచున్నది. గర్భమునందలి శిశువునకు బొడ్డుత్రాటి మూలమున రక్తము వచ్చుట నిజమే. పుట్టిన పిమ్మట ఆ నాళములు ముడిగి త్రాళ్లవలె మిగులును. పెద్దవారి దేహమున రక్తనాళములకు మూలము హృదయము. ఈ వ్యత్యాసమును పదములు తీర్పజాలవు; దేహమే తీర్పవలెను.

సుశ్రుతుడును దేహమును చూడవలదని చెప్పలేదు. శవమును గడ్డితో చుట్టి పంజరములో నుంచి, ఏటి నీటిలో ఏడు రాత్రులు నాననిచ్చి, పిదప కుంచెతో మెల్లగా రాచుచు చర్మము మొదలుకొని పొరపొరగా పరీక్షింపవలెనని అతడు విధించెను. శాస్త్రము, ప్రత్యక్షము అను రెండును కలిసినప్పుడే జ్ఞానము వృద్ధియగునని యాతని మతము. తరువాతివారు ఆ శ్లోకములను కంఠస్థము చేసిరి గాని యేటి కేగుట మానివేసిరి. శవస్పర్శ మైల యనెడి భయము గురువాక్యముకంటె బలవంతమయ్యెను.

1835లో బెంటింకు ప్రభువు ఉత్తరువుచే సంస్కృత కళాశాలలోని వైద్య తరగతి రద్దు చేయబడి, కలకత్తా మెడికల్ కాలేజి స్థాపింపబడెను. గుప్తుడు అందు బోధకుడుగా చేరెను. శారీరశాస్త్రమును గుడీవ్ వైద్యుడు బోధించుచుండెను. హిందువులు శవమును ముట్టుదురా యను సందేహము అందఱ మనస్సులయందు నుండెను. 1836లో ఆ సందేహము తీఱెను. జనవరి 10వ తేదీన మధుసూదనుడే మొదట కత్తి పట్టెనని వాడుక. ఆ యేటి అక్టోబరు 28వ తేదీన నలుగురు విద్యార్థులు తామై కోరి శవచ్ఛేదనము చేసిరని కళాశాలాధ్యక్షుని నివేదికవలన తెలియుచున్నది. గుప్తుని సాహసమును లోకమునకు విపులముగా చెప్పినవాడు బెథూన్ దొర. అతడు ఈ దేశమునకు 1848లో వచ్చినవాడగుటచే ప్రత్యక్ష సాక్షి కాడు, వినినవాడు. అతని కథనము ననుసరించి, శవ ముంచిన కొట్టులోనికి గుడీవ్ వెంట గుప్తుడు కత్తి చేతబట్టి పోయెను. విద్యార్థులు వెంబడించియు లోపల కాలిడ జాలక ద్వారముకడ గుమిగూడి, కిటికీ సందులనుండి తొంగిచూచిరి. పండితుడు చేయి వణకక ఱొమ్మును నిలువున కోయగా, అంతవఱకు ఊపిరి బిగబట్టిన వారెల్లరు నిట్టూర్చిరట. కోటలో ఫిరంగులు మ్రోగించి గౌరవించిరను మాటయు వ్యాపించెను గాని, దానిని మేము సాక్ష్యముగా గ్రహింపము.

ఆ గాటు పిమ్మట నేమి నేర్చెదరో శవచ్ఛేదనశాల నెఱుగని చదువరులకు తెలుపుట యుక్తము. పటములో రక్తనాళమునకు నొక రంగు, జ్ఞానతంతువునకు నొక రంగు వేసి వేఱుగా చూపుదురు. దేహమున రంగులు లేవు. చర్మము క్రింద క్రొవ్వు, దానిక్రింద తెల్లని పొర, పిదప కండలు. అన్నియు సన్నని పోగులచే నొకదానినొకటి అంటియుండును. ఏది గొట్టమో, ఏది తంతువో వ్రేళ్లనడుమ నొక్కి చూచినగాని తెలియదు. గొట్టము లోపల బోలుగా నుండును. తంతువు గట్టిగా నుండును. కండను కట్టు తాడు తెల్లగా మెఱయును. తొందరపడి కోసినయెడల వెదకుచున్నదియే తెగిపోవును. సుశ్రుతుడు 300 ఎముక లనెను; ఎదిగిన మనుష్యునకు సాధారణముగా 206. ఈ లెక్క యొక్కొక్క ఎముకను చేతబట్టి లెక్కించుటచే తేలినదేగాని వాదముచే తేలినది కాదు.

గుప్తునియందు మేము మిక్కిలి గౌరవించునది ఆ మొదటి గాటుకంటె తరువాతి కార్యము. అతడు బోధించిన బాలురు పరీక్షలలో తేఱి పట్టములు పొందిరి. గురువునకు మాత్రము ఆ పట్టము లేదు. 1840లో, నలుబది యేండ్ల ప్రాయమున, అతడు తన శిష్యులు వ్రాసిన పరీక్షకే కూర్చుండి తేఱెను. సంస్కృత పండితుడు, గ్రంథకర్త, పదియేండ్ల ఉపాధ్యాయుడు మఱల విద్యార్థియగుట సామాన్యమా? కత్తి పట్టినప్పుడు అతడు కులమువారి నింద నెదుర్కొనెను. పరీక్షకు కూర్చుండినప్పుడు తన యహంకారము నెదుర్కొనెను. మొదటి శత్రువును జయించిన సంస్కర్తలను మే మనేకులను చూచితిమి. రెండవదానిని జయించినవారు కొందఱే.

1837లో ఆ కళాశాలలో 60 శవములు పరీక్షింపబడెను. మఱుసటి సంవత్సరము అంతకు రెట్టింపు. 1844 నాటికి 500కు మించెను. గుప్తుడు దేశభాషలలో చదువువారికి శారీరశాస్త్రమును బోధించెను; వంగభాషలో వైద్యగ్రంథములు వ్రాసెను; కలకత్తా నగరారోగ్యమును విచారించిన సంఘము నెదుట సాక్ష్యమిచ్చెను. మధుమేహ పీడితుడై 1856 నవంబరు 15వ తేదీన పరలోకగతుడయ్యెను.

ఒక్క సంగతి మిగిలియున్నది. అట్లు కోయబడిన దేహము లెవ్వరివి? ఆసుపత్రులలో మరణించి, నాదియని యడుగు బంధువు లేని నిరుపేదలవి. వారిని ఎవ్వరును సమ్మతి యడుగలేదు. పండితుని పేరు చరిత్రలో నిలిచెను. బల్లపై పరుండినవారి పేరు లేదు. మనలో నొకరికి వైద్యుడు నేడు చేయి వణకక చికిత్స చేయుచున్నాడన్న, ఆ నేర్పునకు మూలధనము నిచ్చినవారు వారు. నేడు తమ దేహమును మరణానంతరము వైద్యకళాశాల కొసగుటకు జీవించియుండగనే సమ్మతిపత్రము వ్రాయు వీలు కలదు. శవమును ముట్టుట తప్పుగాదని మెచ్చుకొనుచు గుప్తుని చరిత్రమును చదువుట సులభము. ఆ బల్లపై పేదవాని దేహమేగాక మన దేహమును నుండవచ్చునని యంగీకరించి వ్రాలు చేయుట కష్టము. ఈ రెండవ కార్యమును చేయగలమా యని మమ్ము మేము ప్రశ్నించుకొనుచున్నాము, చదువరులును ప్రశ్నించుకొందురుగాక.