నేల బలాన్ని, విత్తనం బలాన్ని వేరుచేసి చూపిన ఫిషర్

వీపనగండ్ల దిక్కున ఏ రైతునడిగినా ఒక మాట చెప్తాడు. ఒక్క ఎకరం చెల్కలోనే మూడు తీర్ల నేల ఉంటుంది. పైన గరుసు, నడుమ ఎర్రమట్టి, కింద కాలువ పక్కన తేమ నేల. ఒకే విత్తనం, ఒకే చేయి, ఒకే వాన. అయినా మూడు చోట్ల మూడు తీర్ల పంట.

కొన్నేండ్ల కింద ఒక విత్తనాల వ్యాపారి మా పక్క ఊర్లో ప్రదర్శన మడి పెట్టాడు. కొత్త పల్లి విత్తనాన్ని కింది తేమ నేలలో, పాతదాన్ని పై గరుసులో వేయించాడు. రైతులను పిలిచి రెండింటినీ చూపించాడు. కండ్లతో చూసినంక నమ్మకపోవడం ఎట్లా? అప్పుచేసి కొన్నారు. మరుసటేడు గరుసు చెల్కల్లో అది పాతదానికంటే పిసరంత ఎక్కువ కూడా కాయలేదు. రైతుకు అప్పు మిగిలింది, కాయ తెంపే కూలీలకు పనిదినాలు తగ్గాయి. అక్కడ కాసింది నేల బలంతో. వ్యాపారి దాన్ని విత్తనం పేర అమ్ముకున్నాడు.

ఈ రెండు బలాలను వేరుచేసే లెక్కను లోకానికి ఇచ్చినవాడు రోనాల్డ్ ఫిషర్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త. ఆయన మన వర్గం మనిషి కాదు, ఆయన భావాలు కూడా మనవి కావు. అయినా ఆయన కథ మనం తెలుసుకోవాల్సిందే.

ఫిషర్ 1890 ఫిబ్రవరి 17న లండన్‌లో పుట్టాడు. తండ్రి కళావస్తువుల వేలం వ్యాపారి. 14 ఏండ్ల వయసులో తల్లి పోయింది. తర్వాత తండ్రి వ్యాపారం కూడా దెబ్బతిన్నది. కుర్రవాడికి చూపు మరీ తక్కువ. దీపం వెలుగులో చదవొద్దన్నారు గనుక కాగితం, కలం లేకుండానే లెక్కలు చెప్పించుకున్నాడు. బొమ్మలన్నీ మనసులోనే గీసుకోవడం అలవాటైంది. స్కాలర్‌షిప్‌తో 1909లో కేంబ్రిడ్జి చేరి 1912లో పట్టా పుచ్చుకున్నాడు. కొన్ని నెలలు కెనడాలో ఒక వ్యవసాయ క్షేత్రంలో పనిచేశాడు. మొదటి ప్రపంచయుద్ధం వస్తే చూపు లేదని సైన్యం వద్దన్నది. బడిపంతులై, 1917లో పెండ్లి చేసుకొని, ఇంటి తిండి మందం చిన్న సేద్యం కూడా చేశాడు.

1919లో రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఆయనను పనిలోకి తీసుకున్నది. ఎరువుల ఫ్యాక్టరీ యజమాని జాన్ లాస్ 1843లో ప్రారంభించిన కేంద్రమది. ఏ మడికి ఏ ఎరువు వేశారు, ఎంత పండింది, ఎంత వాన కురిసింది అని డెబ్బై ఏండ్లకు పైగా రాసిపెట్టిన లెక్కల కుప్ప అక్కడ ఉన్నది. పంటలో కనిపించే తేడాలో ఎరువు వాటా ఎంత, వాన వాటా ఎంత, నేల వాటా ఎంత? ఈ ప్రశ్నే ఆయనను పట్టుకున్నది. 1923లో వినిఫ్రెడ్ మెకెంజీతో కలిసి ఆలుగడ్డ రకాలు, ఎరువుల ప్రయోగంపై మొత్తం తేడాను వాటాలుగా పంచే లెక్క ప్రకటించాడు. దీన్నే విచరణ విశ్లేషణ అంటారు. 1925లో పరిశోధకుల కోసం ఒక పుస్తకం, 1935లో ప్రయోగాల రచన మీద మరో పుస్తకం రాశాడు.

ఆయన చెప్పిన పద్ధతిలో మూడు నియమాలున్నాయి. ఒకటి, నేలను ఒకే తీరుగా ఉన్న తుంటలుగా విడగొట్టి, ప్రతి తుంటలో అన్ని రకాలూ వేయాలి. వీటినే బ్లాకులంటారు. రెండు, ఒక్కచోట చూసి ఊరుకోక అనేక తుంటల్లో వేసి చూడాలి. మూడు, తుంటలో ఏ మడికి ఏ రకమన్నది మనిషి ఇష్టానికి వదలక చీటీలు తీయాలి.

మన చెల్కనే తీసుకుందాం. అంకెలు ఉదాహరణకు మాత్రమే. పాత విత్తనం గరుసులో 4 బస్తాలు, నడుమ 7, కింద 10 పండింది. కొత్తది అదే వరుసన 6, 8, 13 పండింది. పాతదాని సగటు 7, కొత్తదాని సగటు 9, అన్నిటి సగటు 8. ప్రతి మడి ఈ 8కి ఎంత దూరమో తీసి, ఆ దూరాన్ని దానితోనే గుణించి అన్నీ కలిపితే 50 వస్తుంది. మొత్తం తేడా ఇదే. దాన్ని పంచితే నేల వాటా 43, విత్తనం వాటా 6, ఏ కారణానికీ అందని మిగులు 1. బ్లాకులు లేకపోతే నేల వాటా కూడా మిగులులో కలిసి 44 అయ్యేది. 44లో విత్తనం తాలూకు 6 ఎక్కడ కనబడుతుంది?

అయితే తొందరపడరాదు. మిగులు 1ని ఇక్కడి స్వతంత్ర తేడాల సంఖ్య 2తో భాగిస్తే అర. విత్తనం 6ను ఆ అరతో భాగిస్తే 12. వట్టి అదృష్టంతో ఇరవైలో ఒక్కసారికి మించి రాని నిష్పత్తిని గీతగా పెట్టుకుంటే, మూడు తుంటలకు పట్టిక అడిగేది 18.5. మనది అందలేదు. అంటే కొత్త విత్తనం మేలని ఇంకా తేలలేదు, మరిన్ని తుంటల్లో వేసి చూడాలి. ఆరు తుంటలైతే అడిగే నిష్పత్తి 6.6కు దిగుతుంది.

ఫిషర్ ఇంకొక అడుగు వేశాడు. ఒక్కో ప్రయోగంలో ఒక్క సంగతినే మార్చి చూడాలన్న పాత అలవాటును కాదన్నాడు. జొన్నకు యూరియా, అదనపు తడి అనే రెండు సంగతులున్నాయనుకుందాం. రెండూ లేకుంటే 4 బస్తాలు, యూరియా ఒక్కటే వేస్తే 4, తడి ఒక్కటే ఇస్తే 6, రెండూ ఇస్తే 10. తడి లేని మడిలోనే యూరియాను పరీక్షిస్తే అది దండగ అని రాసేస్తాం. నీళ్లున్నచోట అదే యూరియా 4 బస్తాలు పెంచింది. రెండూ కలిసి చేసే పని జంటగా పరీక్షిస్తేనే బయటపడుతుంది. మెట్ట రైతుకు తరి రైతు లెక్క చెప్తే ఎట్లా మునుగుతాడో ఇందులోనే ఉన్నది.

ఫిషర్ 1938 జనవరిలో కలకత్తాలో జరిగిన మొదటి భారత గణాంక మహాసభకు అధ్యక్షత వహించాడు. పిలిచినవాడు మహలనోబిస్. తర్వాత మన తెలుగువాడు సి.ఆర్. రావు కేంబ్రిడ్జిలో ఫిషర్ దగ్గరే పరిశోధించి 1948లో డాక్టరేటు పొందాడు. 2023లో కన్నుమూసేదాకా ప్రపంచం మెచ్చిన గణాంకవేత్త ఆయన. ఇవాళ రాజేంద్రనగర్ అయినా, మన పక్కనున్న పాలెం అయినా, పరిశోధనా కేంద్రాల్లో రకాలను పోల్చేది ఈ బ్లాకుల పద్ధతిలోనే.

ఆయన తప్పులూ చెప్పుకోవాలి. మనుషుల్లో మేలుజాతి, తక్కువజాతి ఉంటాయనీ, పుట్టుకలను అదుపుచేసి జాతిని బాగుచేయాలనీ నమ్మినవాడు. విద్యార్థిగా 1911లోనే ఆ సంఘం పెట్టించాడు. పేదవాడి బతుకులో పుట్టుక వాటా ఎంత, ఆకలి వాటా ఎంత అని మాత్రం అదే నిష్ఠతో పంచి చూడలేదు. 1950ల చివర పొగాకు కంపెనీల సంఘానికి సలహాదారుగా ఉంటూ, పొగతాగడమే కేన్సర్‌కు కారణమన్న మాటను ఎదిరించాడు. తర్వాతి పరిశోధన ఆయనది తప్పని తేల్చింది. 1962 జూలై 29న ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో చనిపోయాడు. 2020లో కేంబ్రిడ్జిలో ఆయన కాలేజీయే ఆయన స్మారకంగా పెట్టిన అద్దాల కిటికీని తీసేసింది.

కిటికీ పోయినా లెక్క మిగిలింది. కొడవలి ఎవడు చేసినా కోసుకునేది మనమే గదా. వచ్చే వానాకాలం ఎవరైనా కొత్త విత్తనం తెస్తే నాలుగు సంగతులు అడగండి. పాతదాన్ని పక్కపక్కనే, ఒకే నేలలో వేశారా? ఎన్ని తుంటల్లో వేశారు? మడులు చీటీ తీసి పంచారా? మిగులు తేడా ఎంత? జవాబు లేకుంటే కొనకండి. సంఘంగా కూడి, ఆరుగురు రైతుల చెల్కల్లో ఒక్కో తుంట, తుంటకు రెండు మడులు పెట్టి, బస్తాలు మనమే కొలుచుకుందాం. రాసుకోవడానికి ఒక నోటుబుక్కు చాలు.