మన జిల్లా మహనీయుడు: గాడిచర్ల హరిసర్వోత్తమరావు



నవంబరు 14 అనగానే పిల్లలకు బాలల దినోత్సవం గుర్తొస్తుంది. అదే రోజు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు మొదలై 20వ తేదీ దాకా సాగుతాయి. ఆ తేదీ వెనుక ఒక చరిత్ర ఉంది. 1919 నవంబరు 14న మద్రాసులో తొలి అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది. దానికి పూనుకున్నవారిలో ముందు వరుసలో నిలిచింది మన తెలుగువారే. ఊరికొక గ్రంథాలయం ఉండాలని ఆ రోజుల్లో కాలికి బలపం కట్టుకుని తిరిగిన పెద్దల్లో ఒకరు మన కర్నూలులోనే పుట్టారు. ఆయనే గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు. ఆదోని, ఎమ్మిగనూరు పిల్లలు తప్పక తెలుసుకోవలసిన జీవితం ఆయనది.

పేదరికంలో చదువు

హరిసర్వోత్తమరావు గారు 1883 సెప్టెంబరు 14న కర్నూలులో పుట్టారు. కుటుంబానికి ఆస్తిపాస్తులు లేవు. కర్నూలు, గుత్తి, నంద్యాలలో చదువుకున్నారు. గుత్తి నుంచి గుంతకల్లు మీదుగా మన ఆదోనికి వచ్చే రైలుమార్గం అప్పటికే ఉంది. కానీ ఈ ప్రాంతంలో బడి చదువు దాటి ముందుకు వెళ్లే పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే. ఆయన మాత్రం మద్రాసు వెళ్లి క్రైస్తవ కళాశాలలో ఎం.ఏ. పూర్తి చేశారు. ఆ రోజుల్లో ఎం.ఏ. పట్టా ఉన్న యువకుడికి సర్కారు కొలువు నల్లేరు మీద బండి నడక. కానీ ఆయన బండి ఆ దారిన సాగలేదు.

బ్యాడ్జి పెట్టుకున్నందుకు చదువు పోయింది

ఉపాధ్యాయ శిక్షణ కోసం ఆయన రాజమహేంద్రవరం చేరారు. 1907లో వందేమాతర ఉద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ అక్కడికి వచ్చి ఉపన్యసించారు. విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు ధరించి తరగతులకు వెళ్లారు. కళాశాల ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ అది కుదరదన్నారు. విద్యార్థులు వెనక్కి తగ్గలేదు. వాళ్లకు నాయకుడిగా నిలిచిన హరిసర్వోత్తమరావు గారిని కళాశాల నుంచి పంపించేశారు. దాంతో సర్కారు కొలువుకు దారి మూసుకుపోయింది.

పేద ఇంటి నుంచి అంత దూరం చదువుకుని వచ్చిన కొడుకు ఉద్యోగం చేజార్చుకుంటే ఆ ఇంట్లో ఎలా ఉంటుందో తల్లిదండ్రులుగా మనం ఊహించగలం. ఆయన మాత్రం చదువును జీతం కోసమే సంపాదించిన సరుకుగా చూడలేదు. విజ్ఞానచంద్రికా మండలి కోసం అబ్రహాం లింకన్ జీవితచరిత్ర తెలుగులో రాశారు. కొమర్రాజు లక్ష్మణరావు గారి పూనికతో నడిచిన ఆ మండలి ప్రచురణల్లో మొదటి పుస్తకం అదే. అరువు తెచ్చుకున్న పుస్తకాలతో చదువుకుని దేశాధ్యక్షుడైన లింకన్ కథ తెలుగు పిల్లలకు అలా అందింది.

ఒక వ్యాసం, మూడేళ్ల జైలు

1908లో ఆయన విజయవాడ నుంచి స్వరాజ్య అనే వారపత్రిక నడిపారు. ఆ ఏడాది మార్చిలో తిరునల్వేలిలో జరిగిన కాల్పులను ఖండిస్తూ అందులో ఘాటైన వ్యాసం వెలువడింది. ప్రభుత్వం రాజద్రోహం కేసు పెట్టి మూడేళ్ల జైలుశిక్ష వేయించింది. ఆంధ్రలో తొలి రాజకీయ ఖైదీగా చరిత్రలో ఆయన పేరు నిలిచింది. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు కూడా నిండలేదు. రాజకీయ ఖైదీలకు ప్రత్యేక వసతులు లేని కాలం. వేలూరు జైల్లో మామూలు నేరస్థులతో పాటే గడిపారు.

విడుదలయ్యాక ఆయనతో మాట్లాడాలన్నా, ఇంట్లోకి పిలవాలన్నా చాలామంది జంకారు. రాజద్రోహి అన్న ముద్ర అంత బరువైనది. ఆ సమయంలో కొమర్రాజు వారు ఆయనను మద్రాసుకు పిలిపించుకుని, తెలుగులో విజ్ఞాన సర్వస్వం తయారుచేసే పనిలో తోడు చేసుకున్నారు. తర్వాత కొంతకాలం ఆంధ్రపత్రిక సంపాదక బాధ్యతలు కూడా చూశారు. మద్రాసు శాసనమండలి సభ్యుడిగానూ పనిచేశారు.

చదవడం రానివారికి పుస్తకం ఎలా అందుతుంది?

1914 ఏప్రిల్ 10న విజయవాడలో తెలుగు ప్రాంతాల గ్రంథాలయ ప్రతినిధులు తొలిసారి సమావేశమయ్యారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు ఆ సభకు అధ్యక్షులు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అక్కడే పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య గారు దానికి ప్రాణం పోశారు. ఆ సంఘానికి 1934 నుంచి చివరిదాకా అధ్యక్షులుగా నిలిచి నడిపించినవారు హరిసర్వోత్తమరావు గారు.

అప్పటి గ్రంథాలయాలకు సర్కారు సొమ్ము లేదు. ఊరి పెద్ద ఇచ్చిన ఒక గది, ఇంటింటా పోగుచేసిన పుస్తకాలు, చందాల మీద వచ్చే ఒకటి రెండు పత్రికలు, ఇంతే పెట్టుబడి. కార్యకర్తలు గ్రంథాలయ యాత్రల పేరుతో ఊరూరా తిరిగారు. కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని పల్లెలకు చేరవేసిన ప్రయోగం కూడా 1935లో జరిగింది. దాన్ని నడిపిన పాతూరి నాగభూషణం గారు తర్వాత విజయవాడలో నెలకొల్పిన గ్రంథాలయానికి మన కర్నూలు పెద్దాయన పేరే పెట్టుకున్నారు.

కాలువలున్న డెల్టాలో పడవ తిరిగింది సరే, కరవు ప్రాంతమైన రాయలసీమలో సంగతేమిటి? ఇక్కడ పుస్తకం ఊళ్లోకి వచ్చినా విప్పి చదవగలిగినవారు కొద్దిమందే. అందుకే హరిసర్వోత్తమరావు గారు గ్రంథాలయాన్నీ వయోజన విద్యనూ జోడెడ్లలా చూశారు. పగలు పనికి పోయేవారికి రాత్రి బడి, అక్షరాలు వచ్చాక చదువుకోవడానికి దగ్గర్లో పుస్తకాలు, రెండూ కలిసి ఉండాలన్నది ఆయన పద్ధతి. నేర్చుకున్న అక్షరం వాడకపోతే మరుపున పడుతుందని వయోజన విద్యలో పనిచేసినవారందరికీ తెలుసు.

ఈ మాట మన పడమటి మండలాలకు ఇవాళ్టికీ వర్తిస్తుంది. కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు వైపు నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు సుగ్గికి గుంటూరు దాకా పోతాయి. మిరప కోతలు, పత్తి తీతలు అయ్యేదాకా పిల్లల చదువు ఆగిపోతుంది. తిరిగి వచ్చిన పిల్లవాడికి బడి పుస్తకం కష్టంగా తోస్తే, బొమ్మల కథల పుస్తకం దగ్గర మళ్లీ మొదలుపెట్టవచ్చు. అలాంటి పుస్తకం డబ్బు లేకుండా దొరికే చోటు ఊళ్లో ఒక్కటే.

రూపాయిలో అర్ధణా

చందాలతో నడిచే గ్రంథాలయం ఆ ఉత్సాహవంతుడు ఉన్నంతకాలమే ఉంటుంది. ఆయన ఊరు మారినా, కన్నుమూసినా తాళం పడుతుంది. ఈ అనుభవంతోనే గ్రంథాలయానికి చట్టబద్ధమైన నిలకడ రాబడి ఉండాలని ఉద్యమకారులు పట్టుబట్టారు. ఆచార్య ఎస్.ఆర్. రంగనాథన్ కృషితో 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. స్వతంత్ర భారతదేశంలో తొలి గ్రంథాలయ చట్టం అదే. ఇంటిపన్నులో ప్రతి రూపాయికి ఆరు పైలు, అంటే నాటి లెక్కలో అర్ధణా, గ్రంథాలయ పన్నుగా వసూలు చేసే ఏర్పాటు దానితో మొదలైంది.

అప్పటికి ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో కలిశాయి. అదే రోజు కర్నూలు రాష్ట్ర రాజధాని అయింది. తాను పుట్టిన ఊరు రాజధాని కావడం హరిసర్వోత్తమరావు గారు కళ్లారా చూశారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కోస్తా, సీమల్లో మద్రాసు చట్టం, తెలంగాణలో హైదరాబాదు చట్టం వేర్వేరుగా అమలయ్యాయి. రెండింటినీ కలిపిన ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం 1960 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దాన్ని చూడటానికి ఆయన లేరు. సుమారు నెల రోజుల ముందు, 1960 ఫిబ్రవరి 29న కన్నుమూశారు.

ఆ రాబడి ఇవాళ ఎక్కడికి పోతోంది?

ఆయన తరం సాధించిన ఆ పన్ను ఇప్పటికీ మనం కడుతున్నాం. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. ఏడాదికి రూ. 2,000 ఇంటిపన్ను కట్టే కుటుంబం వాటా రూ. 160. అలాంటి ఇళ్లు 20,000 ఉన్న పట్టణం అనుకుంటే ఏడాదికి రూ. 32 లక్షలు. పెద్ద మొత్తమే.

ఈ సొమ్మును మునిసిపాలిటీలు, పంచాయతీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. వసూలైన సెస్సు జమ కాకుండా స్థానిక సంస్థల ఖాతాల్లోనే బకాయిలుగా పేరుకుపోవడం రాష్ట్రమంతటా ఏళ్లుగా ఉన్న సమస్య. వీధి దీపాలకో, పారిశుద్ధ్యానికో అత్యవసరంగా డబ్బు కావలసి వచ్చినప్పుడు గ్రంథాలయం వాటా వెనక్కి పోతుంది. దీపం వెలగకపోతే వీధి వీధంతా అడుగుతుంది. కొత్త పుస్తకం రాకపోతే ఎవరూ అడగరు.

దాని ఫలితం మెల్లగా కనిపిస్తుంది. ముందు పుస్తకాల కొనుగోలు ఆగుతుంది. తర్వాత వారపత్రికలు, పిల్లల పత్రికలు తగ్గుతాయి. ఉద్యోగి రిటైరైతే ఆ స్థానం ఖాళీగా ఉంటుంది, ఒకే లైబ్రేరియన్ రెండు శాఖలు చూడాల్సి వస్తుంది, తెరిచి ఉండే వేళలు తగ్గుతాయి. కొత్త పుస్తకాలు లేవని పాఠకులు తగ్గుతారు. పాఠకులు లేరని నిధులు ఇంకా తగ్గుతాయి. కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ పుస్తకాలకు ఇచ్చే సాయంలో కొంత, రాష్ట్రం తన వాటా చెల్లిస్తేనే అందుతుంది. ఇక్కడ రూపాయి ఆగితే అక్కడి రూపాయి కూడా ఆగినట్టే.

ఇది మన ఒక్కరి కథే కాదు. గ్రంథాలయాలకు పేరుపడ్డ బ్రిటన్‌లో స్థానిక సంస్థల నిధుల కోతల వల్ల 2010 తర్వాత పదేళ్లలో దాదాపు 800 గ్రంథాలయాలు మూతపడ్డాయి. ఒకసారి తాళం పడిన భవనాన్ని మళ్లీ తెరిపించడం ఎంత కష్టమో అక్కడివారికి అనుభవంలోకి వచ్చింది.

మన పిల్లలకు బడిలో లైబ్రరీ పీరియడ్ ఉంది, ఇంట్లో ఫోన్ ఉంది, ఊరి గ్రంథాలయంతో పనేమిటని కొందరికి అనిపించవచ్చు. బడి లైబ్రరీ పిల్లవాడు పదో తరగతి దాటగానే దూరమవుతుంది. ఊరి గ్రంథాలయం అలా కాదు. పోటీ పరీక్షలకు చదివే నిరుద్యోగి, పేపరు కోసం వచ్చే రిటైర్డు మాస్టారు, పత్తి మిల్లులో షిఫ్టు ముగించుకుని వచ్చిన కార్మికుడు, మగ్గం పని చేసే ఇంటి అమ్మాయి, అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చునే చోటు అది. ఫీజు కట్టగలిగిన ఇంటి పిల్లలూ కట్టలేని ఇంటి పిల్లలూ పక్కపక్కన కూర్చుని చదివే చోట్లు మన ఊళ్లలో ఇంకెన్ని ఉన్నాయి?

ఈ నెల ఇంట్లో చేయదగినవి

1. వారోత్సవాల్లో ఒక సాయంత్రం పిల్లలను ఆదోని లేదా ఎమ్మిగనూరు శాఖా గ్రంథాలయానికి తీసుకెళ్లండి. సభ్యత్వానికి ఏం కావాలో లైబ్రేరియన్ గారిని అడగండి.

2. ఇంటిపన్ను రసీదు తీసి, గ్రంథాలయ సెస్సు ఎంతో పిల్లలతో లెక్క కట్టించండి. ఆరు, ఏడు తరగతుల వారికి ఇది చక్కటి శాతాల లెక్క.

3. మీ వార్డు కౌన్సిలరు గారు కనిపించినప్పుడు, మన పట్టణంలో ఏడాదికి ఎంత సెస్సు వసూలైంది, అందులో ఎంత జమ చేశారు అని మర్యాదగా అడగండి. సమాచార హక్కు చట్టం కింద కూడా ఈ వివరాలు అడగవచ్చు.

4. పిల్లలు చదివేసిన మంచి కథల పుస్తకాలను పాత పేపర్లతో తూకానికి వేయకండి. గ్రంథాలయానికి పనికొస్తాయేమో కనుక్కుని ఇవ్వండి.

హరిసర్వోత్తమరావు గారు ఒక బ్యాడ్జి కోసం ఉద్యోగాన్ని, ఒక వ్యాసం కోసం మూడేళ్ల స్వేచ్ఛను వదులుకున్నారు. తర్వాతి జీవితమంతా పక్కవాడు చదువుకోవాలనే ఆరాటంతో గడిపారు. మనం వదులుకోవాల్సింది ఒక్క సాయంత్రం. పిల్లల చేయి పట్టుకుని ఆ గడప దాటిద్దాం.