రవాణాదక్షుడు మాల్కం మెక్లీన్

బరువును మోయుటకు భుజబలము చాలును. దానిని సులభముగా గమ్యమునకు చేర్చుటకు బుద్ధిబలము వలయును. ఆ రెంటినీ ఎరిగినవాడు అమెరికా దేశీయుడగు మాల్కం మెక్లీన్.

ఈయన 1913లో ఉత్తర కరొలీనా రాష్ట్రమందలి మాక్స్‌టన్ ప్రాంతమున కర్షక కుటుంబమున జన్మించెను. ఉన్నత పాఠశాలతో చదువు ముగిసినది. పెట్రోలు బంకులో పనిచేసి, 1934లో ఒక పాత లారీని కొని, తోబుట్టువులతో కూడి సరకుల రవాణా ప్రారంభించెను. ఇరువది యేండ్లలో ఆ ఒక్క లారీ 1,700లకు మించిన లారీలయ్యెను.

ఆ కాలమున లారీలో వచ్చిన సరకును రేవున దింపి, కూలీలు బస్తా బస్తాగా ఓడలోనికి చేర్చెడివారు. దినములు గడచెడివి, దొంగతనములు తప్పెడివి కావు. లారీ వెనుకభాగమును సరకుతోనే ఓడ నెక్కింపరాదా యని మెక్లీన్ యోచించెను. అయితే చక్రములు ఓడలో చోటును వ్యర్థముగా ఆక్రమించును. కావున సరకు పెట్టెను వేరుగను, చక్రములు గల చట్రమును వేరుగను చేయింప నిశ్చయించెను. పెట్టెకు కంటెయినరనియు, ఒడ్డుననే నిలుచు చట్రమునకు చాసిస్ అనియు పేర్లు.

లారీల సంస్థకును ఓడల సంస్థకును ఒక్కడే యజమాని యగుటకు చట్టము అడ్డుపడెను. మెక్లీన్ 1955లో ఓడల సంస్థను కొనుటకై, తాను పెంచిన లారీల సంస్థపై అధికారమునే విడిచెను. చేతనున్న లాభమును వదలి, ఎవరును నమ్మని ఆలోచనపై సర్వస్వము నొడ్డుట సామాన్యమా?

కీత్ టాంట్లింగర్ అను ఇంజనీరు ఆయనకు తోడయ్యెను. చాసిస్ అంచులను వెలుపలికి వాలునట్లు నిర్మింపగా, క్రేను దింపిన పెట్టె దానంతట అదియే సరియైన చోట కుదురుకొనెను. మూలల బిగింపులు దానిని కదలనీయకుండెను.

1956 ఏప్రిల్ 26న ఐడియల్ ఎక్స్ అను ఓడ 58 పెట్టెలతో నెవార్క్ రేవు వీడి హ్యూస్టన్‌కు బయలుదేరెను. టన్నునకు సుమారు ఆరు డాలర్లగు ఎక్కింపు వ్యయము 16 సెంట్లకు దిగెను. ఈ మేలునకు వెల చెల్లించినవారు రేవు కూలీలు. కాలక్రమమున వేలాదిమంది పనిని కోల్పోయిరి.

మూలల బిగింపుపై తమకు గల హక్కులను 1963లో ఈయన సంస్థ లోకమునకు విడిచెను. అందువలన ఎవరి పెట్టె యైనను ఎవరి చాసిస్‌పై నైనను అమరుటకు మార్గ మేర్పడెను.

1986లో ఆయన మరియొక ఓడల సంస్థ దివాలా తీసెను. అయినను కుంగక, ఎనుబదియేండ్ల ప్రాయమునకు చేరువలో మరల ఓడల వ్యాపారము ప్రారంభించెను. 2001 మే 25న పరమపదించెను. అంత్యక్రియల దినమున కంటెయినరు ఓడలు కూతలు వేసి ఆయనను గౌరవించెను.

నేడు విశాఖ రేవున క్రేను దింపు పెట్టెకై వేచియుండు చాసిస్‌ను చూచువారు, ఒక పాత లారీతో బ్రతుకు మొదలిడిన ఈ కర్షకపుత్రుని స్మరింపవలయును.