మేడమ్ కామా పట్టిన జెండా

మన జెండా ఎవరు తయారుచేశారని అడిగితే తెలుగువాళ్లం ఠక్కున పింగళి వెంకయ్యగారి పేరు చెబుతాం. చెప్పుకోవాలి కూడా. అయితే ఆయన 1921లో బెజవాడలో గాంధీగారి చేతికి జెండా నమూనా ఇవ్వడానికి పద్నాలుగేళ్ల ముందే, ఒక స్త్రీ జర్మనీలో నానా దేశాల వాళ్ల ఎదుట మన దేశం కోసం ఒక జెండా విప్పి చూపించారు. ఆవిడే భికాజీ కామా. లోకం మేడమ్ కామా అని పిలిచింది.

ఆవిడ 1861 సెప్టెంబరు 24న బొంబాయిలో, కలిగిన పార్సీ కుటుంబంలో పుట్టారు. ఆడపిల్లకు బడి అంటేనే వింతగా చూసే రోజుల్లో ఇంగ్లీషు చదువు చదివించారు పెద్దవాళ్లు. 1885లో రుస్తుం కామా అనే లాయరుతో పెళ్లయింది. ఆయనకు తెల్లదొరల పాలన మీద గురి. ఈవిడకు ఆ పాలన పోవాలని పట్టుదల. ఇద్దరికీ పొసగలేదు.

1896లో బొంబాయిని ప్లేగు కమ్ముకుంది. డబ్బున్నవాళ్లు ఊరొదిలి పోతుంటే కామాగారు రోగుల దగ్గరికి వెళ్లి సేవ చేశారు. ఆ జబ్బు తనకీ అంటుకుంది. బతికి బయటపడ్డారు కానీ ఒళ్లు గుల్లయింది. కోలుకోవడం కోసం 1902లో లండన్ పంపించారు. అలా వెళ్లిన మనిషి ముప్పై మూడేళ్లు ఇల్లు చూడలేదు!

లండన్లో దాదాభాయి నౌరోజీ, శ్యాంజీ కృష్ణవర్మ వంటి వాళ్లతో కలిసి పనిచేశారు. తిరిగి రావాలనుకున్నప్పుడు ప్రభుత్వం ఒక షరతు పెట్టింది. దేశ రాజకీయాల జోలికి పోనని రాసి సంతకం చేయాలి. పుట్టినింటికి రావడానికి ఒక్క సంతకం చాలు. ఆవిడ పెట్టలేదు. పారిస్ వెళ్లి అక్కడే ఉండిపోయారు.

1907 ఆగస్టు 22న జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో సోషలిస్టుల అంతర్జాతీయ మహాసభ. అక్కడే ఆ జెండా విప్పారు. పైన ఆకుపచ్చ పట్టీ, అందులో అప్పటి ఎనిమిది రాష్ట్రాలకు గుర్తుగా ఎనిమిది తామరలు. నడుమ పసుపు కలిసిన కాషాయం మీద దేవనాగరిలో వందేమాతరం. కింద ఎర్ర పట్టీలో సూర్యుడు, నెలవంక. దేశమే చేతిలో లేదు, జెండా మాత్రం సిద్ధం!

తర్వాత ఆ జెండా ఎన్ని రూపాలు మారిందో చూడండి. 1917లో అనిబిసెంటు, తిలక్‌ల హోంరూల్ జెండాలో అయిదు ఎర్ర చారలు, నాలుగు పచ్చ చారలు, ఏడు చుక్కలు. ఒక మూల బ్రిటిష్ జెండా కూడా ఉంది. అప్పుడు వాళ్లు కోరింది బ్రిటిష్ సామ్రాజ్యంలోనే ఉంటూ స్వపరిపాలన. పదేళ్ల కిందటే కామాగారు కోరింది పూర్తి స్వాతంత్ర్యం. ఎంత అడిగే ధైర్యముంటే జెండా అంతే చెబుతుందని నాకనిపిస్తుంది. 1921లో వెంకయ్యగారి ఎరుపు, ఆకుపచ్చలకు గాంధీగారి సలహాతో తెలుపు, రాట్నం చేరాయి. 1931లో కాషాయం, తెలుపు, ఆకుపచ్చగా కాంగ్రెస్ ఖాయం చేసింది. ఈ రంగులకు మతాలతో పనిలేదని కూడా అప్పుడే తేల్చింది. 1947 జులై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో 24 ఆకుల అశోక చక్రం పెట్టింది.

ఆ రోజు చూడడానికి కామాగారు లేరు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు, ఇంగ్లండు ఒక జట్టు కావడంతో 1917 దాకా నిర్బంధంలో గడిపారు. ముసలితనంలో పక్షవాతం వచ్చింది. సొంత ఊళ్లో కన్నుమూయాలన్న కోరికతో 1935లో, డెబ్బై నాలుగో ఏట, ఒకప్పుడు కాదన్న ఆ షరతుకే ఒప్పుకోవలసి వచ్చింది. ఇది చదివి నాకు చాలాసేపు మనసు మనసులో లేదు. ఓడిపోయారని అనేవాళ్లు అనొచ్చు. నేను మాత్రం అననండీ. వయసంతా దేశానికిచ్చేశాక చివరికి అమ్మ ఒడి లాంటి ఊరు కావాలనుకోవడం తప్పెలా అవుతుంది?

ఆ ఏడాది నవంబరులో బొంబాయి చేరారు. 1936 ఆగస్టు 13న అక్కడే పోయారు. ఇంకో పదకొండేళ్ల రెండు రోజులు బతికుంటే స్వతంత్ర భారతాన్ని చూసేవారు. తన ఆస్తిలో చాలా భాగం అనాథ బాలికల కోసం రాసి వెళ్లారు. ఇందులాల్ యాజ్ఞిక్ రహస్యంగా దేశానికి చేర్చిన ఆవిడ జెండాను పుణేలోని కేసరి మరాఠా గ్రంథాలయంలో భద్రపరిచారు.

1947 ఆగస్టు 14 అర్ధరాత్రి రాజ్యాంగ సభకు కొత్త జెండాను భారత స్త్రీలందరి తరఫున అందించింది హంసా మెహతా. అంటే మొదట పరాయి గడ్డ మీద విప్పిందీ, చివరికి మన సభకు అందించిందీ ఆడవాళ్లే. ఈసారి పంద్రాగస్టుకు పిల్లల చొక్కాకు జెండా గుచ్చేటప్పుడు వెంకయ్యగారితో పాటు ఈ ఇద్దరి సంగతీ రెండు మాటల్లో చెప్పండి.