లూయీ కారోల్

లూయీ కారోల్ (జనవరి 27, 1832 - జనవరి 14, 1898) సుప్రసిద్ధ ఆంగ్ల రచయిత, గణిత శాస్త్రవేత్త, తర్కశాస్త్ర పండితుడు. ఇతని అసలు పేరు చార్లెస్ లుట్విడ్జ్ డాడ్జ్‌సన్. ఆలిస్ కథల రచయితగా లోకానికి చిరపరిచితుడు. సమాన సంఖ్యలో అక్షరాలు గల ఆంగ్ల పదాలను గొలుసుగా కూర్చే 'డబ్లెట్స్' అనే పదక్రీడను రూపొందించినవాడు కూడా ఇతడే.

బాల్యం, విద్యాభ్యాసం

కారోల్ ఇంగ్లండులోని చెషైర్ ప్రాంతానికి చెందిన డేర్స్‌బరీ గ్రామంలో జన్మించాడు. తండ్రి క్రైస్తవ మతగురువు. పదకొండుమంది సంతానంలో ఇతడు మూడవవాడు, మగపిల్లలలో పెద్దవాడు. 1843లో కుటుంబం యార్క్‌షైర్ లోని క్రాఫ్ట్ గ్రామానికి తరలివెళ్ళింది. తోబుట్టువుల వినోదం కోసం అక్కడ చేతివ్రాత పత్రికలు నడిపాడు. ఇతనికి నత్తి ఉండేది. అది జీవితాంతం బాధించింది.

రిచ్‌మండ్, రగ్బీ పాఠశాలలలో చదివిన తరువాత 1851 జనవరిలో ఆక్స్‌ఫర్డ్ లోని క్రైస్ట్ చర్చ్ కళాశాలలో చేరాడు. చేరిన రెండు రోజులకే తల్లి మరణించింది. 1854లో గణితంలో ప్రథమశ్రేణి సాధించి, 1855 నుండి 1881 వరకు అదే కళాశాలలో గణిత బోధకుడుగా పనిచేశాడు. అవివాహితుడుగానే ఉండిపోయి, శేషజీవితం ఆ కళాశాల ఆవరణలోనే గడిపాడు.

రెండు పేర్లు

తన పేరులోని మొదటి రెండు పదాలను లాటిన్‌లోనికి మార్చి, వాటి వరుసను తిరగవేసి, మరల ఆంగ్లీకరించగా 'లూయీ కారోల్' అనే కలంపేరు ఏర్పడింది. 1856 నుండి ఈ పేరుతో రచనలు ప్రకటించాడు. 1862 జూలై 4న కళాశాల అధిపతి లిడ్డెల్ కుమార్తెలతో పడవ షికారు చేస్తూ ఆశువుగా చెప్పిన కథ 1865లో 'ఆలిసెస్ అడ్వెంచర్స్ ఇన్ వండర్‌లాండ్' అనే పుస్తకంగా వెలువడింది. మరుసటి ఏడు, 1863లో, ఆ కుటుంబంతో ఇతని సాన్నిహిత్యం తెగిపోయింది. ఆనాటి దినచర్య పుటలు కత్తిరించబడి ఉండుటచేత కారణమేమిటన్నది నేటికీ వివాదాస్పదమే.

గణిత గ్రంథాలను మాత్రం అసలు పేరుతోనే ప్రచురించాడు. ఈ రెండు పేర్లనూ కలిపి చూడటం ఇతనికి ఇష్టం ఉండేది కాదు. తన పేరుతో వెలువడని పుస్తకాలతో తనకు సంబంధం లేదని తెలియజేస్తూ 1890లో ఒక ముద్రిత పత్రమే సిద్ధం చేసుకున్నాడు. అయితే గణితవేత్త, కథకుడు ఇద్దరూ కలిసి పనిచేసిన చోటు పదక్రీడ.

పదక్రీడలు

1877 క్రిస్మస్ సమయంలో, ఏమీ తోచక ఉన్న ఇద్దరు బాలికల కోసం కారోల్ 'డబ్లెట్స్' ఆటను కల్పించాడు. 1879 మార్చి నుండి ఇది 'వ్యానిటీ ఫెయిర్' వారపత్రికలో పోటీగా వెలువడింది. అదే ఏడు మాక్‌మిలన్ సంస్థ దీనిని చిన్న పుస్తకంగా ప్రచురించింది.

ఆట నియమం సులభమే. ఒకే పొడవు గల రెండు పదాలు ఇస్తారు. ప్రతి మెట్టులోనూ ఒకే ఒక అక్షరం మార్చాలి. మిగిలిన అక్షరాలు తమ స్థానాలలోనే ఉండాలి. ప్రతి మెట్టులోనూ అర్థవంతమైన పదం రావాలి. ఉదాహరణకు 'క్యాట్' (సి-ఎ-టి) నుండి 'డాగ్' (డి-ఓ-జి) చేరుటకు సి-ఓ-టి, డి-ఓ-టి అనే రెండు పదాలు మధ్యలో చాలును. మూడు అక్షరాలూ వేరైనందున మూడు మార్పులకంటే తక్కువలో ఇది సాధ్యం కాదు.

అసలు చిక్కు ఏది పదం, ఏది కాదు అన్న నిర్ణయంలో ఉంది. 'హెడ్' (హెచ్-ఇ-ఎ-డి) అనే పదాన్ని 'టెయిల్' (టి-ఎ-ఐ-ఎల్) గా మార్చుటకు కారోల్ హీల్, టీల్, టెల్, టాల్ అనే నాలుగు పదాల మీదుగా ఐదు మార్పులు చేశాడు. ఒక చెట్టుకు ప్రాచీన నామమైన టి-ఇ-ఐ-ఎల్ అనే పదాన్ని అంగీకరిస్తే నాలుగు మార్పులే చాలును. కాని అటువంటి పదాలకు హద్దేది? అందుచేత సభ్యసమాజంలో వాడుకలో ఉన్న పదాలే వాడాలని నిబంధన పెట్టి, అనుమతించదగిన పదాల పట్టికను కూడా కారోల్ పుస్తకానికి జతచేశాడు.

1880 దశకంలో ఇతడు ప్రకటించిన 'మిష్‌మాష్' మరొక ఆట. ఒకరు కొన్ని అక్షరాలు ఇస్తారు. రెండవవారు ఆ అక్షరాలు అదే వరుసలో పక్కపక్కనే వచ్చే పదం చెప్పాలి. ఎం, పి, కె ఇస్తే 'పంప్‌కిన్' (గుమ్మడికాయ) అనవచ్చును.

అంతిమ దశ

1896లో 'సింబాలిక్ లాజిక్' మొదటి భాగం వెలువరించాడు. 1898 జనవరి 14న గిల్డ్‌ఫర్డ్ పట్టణంలో, సోదరీమణుల ఇంట న్యుమోనియాతో మరణించాడు. సమాధి అక్కడి మౌంట్ శ్మశానవాటికలో ఉంది.

అనంతర ప్రభావం

డబ్లెట్స్ ఇప్పుడు 'వర్డ్ ల్యాడర్' అనే పేరుతో ప్రసిద్ధం. పదాలను బిందువులుగా, ఒక్క అక్షరం తేడా గల పదాల మధ్య సంబంధాన్ని రేఖగా భావిస్తే ఈ ఆట గణితంలోని గ్రాఫ్ సిద్ధాంతానికి చెందిన సమస్య అవుతుంది. అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ 5,757 ఐదక్షరాల ఆంగ్ల పదాలను ఈ విధంగా పరిశీలించి, 1993లో వెలువడిన తన గ్రంథంలో ఆ విశేషాలు చేర్చాడు. వాటిలో 671 పదాలకు ఒక్క పొరుగు పదమైనా లేదు. వాటికి క్నూత్ పెట్టిన పేరు 'అలూఫ్', అనగా ఎవరితోనూ కలవనిది. ఆ పదం కూడా ఆ 671లో ఒకటి. పిల్లల కాలక్షేపానికై పుట్టిన ఆట ఈ విధంగా కారోల్ వృత్తిగా ఎంచుకున్న గణితంలోనే స్థానం సంపాదించింది.